కృపానందం దుమ్ము మిషను

మా వీధి తలుపు మీద మూడు గొడ్డలి గాట్లు ఉన్నాయి. ఒక్కో గాటులో బొటనవేలు దూరుతుంది. ఇంటికి వచ్చిన చుట్టాలు లోపలికి రాకుండా అక్కడే నిలబడి, "ఇదేంటండీ అచ్యుతరావుగారూ, దొంగలు గానీ పడ్డారా?" అని అడుగుతారు. దొంగలు కాదు, వడ్రంగి. ఆ తలుపు చేసిందీ అతనే, నరికిందీ అతనే. పేరు కృపానందం. వట్లూరులో మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క ఇటుక గోడ.

అతని గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగేవాళ్లుంటే నన్ను తప్ప ఎవర్నైనా అడుగుతారు. అతని ముక్కు విరగ్గొట్టింది నేను. అతని ఎడమ కన్ను పోయింది నా వల్ల. నా దవడ విరగ్గొట్టింది అతను. ఒకరి ఎముకలు ఒకరికి ఇంత బాగా తెలిసినవాళ్లు మా వీధిలో ఇంకెవరూ లేరు గనక నేనే రాస్తున్నాను.

కృపానందం నాన్న ఏలూరులో మిషన్ కాంపౌండులో చర్చి బెంచీలు, బడి బల్లలు చేసేవాడు. ఆయన దగ్గరే పని నేర్చుకుని, కృపానందం పాతికేళ్లు తాడేపల్లిగూడెంలో ఒక కలప డిపోలో పనిచేశాడు. పొద్దున ప్యాసింజరుకి వెళ్లి సాయంత్రం ప్యాసింజరుకి వచ్చేవాడు. కళ్లకు గంతలు కట్టి చేతిలో చెక్కముక్క పెడితే ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది వేప. ఇది మద్ది. ఇది టేకేనండీ, కానీ పాతింటి వంటగది దూలం, పొగ పట్టేసింది" అని చెప్పేవాడు. నేను స్వయంగా పరీక్ష పెట్టి ఓడిపోయాను. చెక్క అంచు తిన్నగా ఉందో లేదో చూడాలంటే ఎడమ కన్ను మూసి కుడికంటితో చూసేవాడు. "దేవుడు రెండిచ్చాడండీ. పనికి ఒకటే కావాలి, రెండోది స్పేరు" అనేవాడు. అప్పట్లో ఆ మాటకి ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

కోపంలో మాత్రం మేమిద్దరం ఒక తల్లి పిల్లలమే. దెందులూరు నుంచి ఒకాయన వచ్చి, తలుపుకి లోపల చవక చెక్క పెట్టి పైన టేకు రంగు కాగితం అంటించమన్నాడు. కృపానందం ఆ చెక్కను ఆయన చేతికిచ్చి, చెక్కతో సహా ఆయన్ని గేటు దాటించాడు. దాటించడమంటే గెంటడమే. ఆయన మెట్ల మీద పడి మోచెయ్యి చీరుకుపోయింది. "నా చేత అబద్ధం చేయించొద్దండీ" అని పైనుంచి అరిచాడు. నేను గోడ మీద చేతులు పెట్టి ఆ వేడుకంతా చూశాను. ఆ మాట నాకూ తగులుతుందని అప్పుడు అనుకోలేదు.

మా ఇల్లు కట్టినప్పుడు ద్వారబంధం ఎత్తిన రోజు, మా ఆవిడ చంద్రకళ పసుపు రాసి బొట్లు పెడుతుంటే, కొత్త పంచె కట్టుకున్న కృపానందం పక్కకి జరిగి కళ్లు మూసుకుని అర నిమిషం ప్రార్థన చేసుకున్నాడు. "మీ పద్ధతి మీదండీ, నా పద్ధతి నాది. గుమ్మం మాత్రం తిన్నగా నిలబడాలి" అన్నాడు. పద్నాలుగేళ్లయింది, ఒక్క వానకీ ఆ తలుపు బిగుసుకోలేదు.

అతని భార్య ఎలిజబెత్‌కి ఉబ్బసం. ఏడేళ్ల కిందట ఒక సాయంత్రం అతను డిపో నుంచి వచ్చేసరికి ఆవిడ వంటింట్లో నేల మీద పడి ఉంది. పెదవులు నీలంగా మారిపోయాయి, చేతిలో ఇన్‌హేలర్ ఖాళీ. ఆస్పత్రిలో బతికించారు. మర్నాడే కృపానందం డిపో మానేశాడు. "ఇకనుంచి తను పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉంటానండీ" అని పెరట్లో రేకుల షెడ్డు వేసి అక్కడే పని మొదలుపెట్టాడు. ఆవిడ ఊపిరి కోసం పనిని ఇంటికి తెచ్చుకుంటే, ఆ పని దుమ్మే ఆవిడ ఊపిరి తియ్యడం మొదలుపెట్టింది.

రంపపు పొట్టు సంగతి కాదు నేను చెప్పేది. అది బరువు, కింద పడుతుంది, చీపురుతో పోతుంది. చెక్కను నునుపు చేసే సాండర్ మిషను నుంచి వచ్చేది మైదాపిండి లాంటి పొడి. అది పడదు, పోదు. వంటింట్లో గిన్నెల మీద, దిండ్ల మీద, మందు బిళ్ళల మీద. కృపానందం షెడ్డుకీ ఇంటికీ మధ్య తడిపిన గోనెపట్టాలు కట్టాడు. అయినా ఆవిడ దగ్గు మా హాల్లోకి వినపడేది. "దుమ్మన్నా ఆగాలి, పనన్నా ఆగాలి" అన్నాడు డాక్టరు. ఆ పని తప్ప కృపానందానికి ఇంకోటి రాదు, ఆవిణ్ణి వదిలి బయటికి వెళ్లలేడు.

అప్పుడు తెచ్చాడు దుమ్ము మిషను. ఇళ్లల్లో వాడే వాక్యూమ్ క్లీనర్ కాదు, వర్క్‌షాపుల్లో వాడేది. చక్రాల మీద పెద్ద పొట్ట, దానికి మణికట్టంత లావు గొట్టం. గొట్టం చివర సాండర్ తోకకి తగిలిస్తే, పొడి చెక్క మీంచి లేవకుండానే సరాసరి పొట్టలోకి పోతుంది. నెల తిరక్కుండా ఎలిజబెత్ ఎక్కడా ఆగకుండా మా ఇంటిదాకా నడిచి వచ్చి, చంద్రకళ దగ్గర కరివేపాకు పట్టుకెళ్లింది.

అంతా బాగానే ఉంది, నా నిద్ర తప్ప. ఆ మిషను అరుపు అరుపు కాదు, చెవిలో మేకు దిగ్గొట్టినట్టుండేది. నాకు కలిదిండి దగ్గర రొయ్యల చెరువులున్నాయి. తెల్లారకముందే లేచి వెళ్లేవాణ్ణి, మధ్యాహ్నం రెండింటికి ఒక గంట నడుం వాల్చకపోతే మనిషిని కాను. సరిగ్గా రెండింటికే అతను మిషను వేసేవాడు. రెండుసార్లు మర్యాదగా చెప్పాను, నాలుగుసార్లు మర్యాద లేకుండా చెప్పాను. "మా ఆవిడ పడుకునే గది షెడ్డు పక్కనేనండీ, రెండింటికి ఆవిడ వరండాలో ఉంటుంది, అప్పుడైతేనే ఆ కాస్త దుమ్మూ తగలదు" అన్నాడు. అది న్యాయమే. న్యాయం వినే ఓపిక నాకెక్కడిది?

మే నెలలో ఒక పొద్దున చెరువులో గాలి చాలక గట్టు పొడవునా రొయ్యలు చచ్చి తెల్లగా తేలిపోయాయి. ఒళ్లు మండిపోతూ ఇంటికి వచ్చి, రెండు ముద్దలు తిని కన్ను మూశానో లేదో గోడ అవతల అరుపు అందుకుంది. గట్ల మీద తుప్పలు కొట్టే కత్తి కారులోనే ఉంది. అది తీసుకుని సరాసరి వాళ్ల షెడ్డులోకి వెళ్లి ఒక్క వేటుకి గొట్టం నరికేశాను.

గొట్టం తెగగానే పొడి అంతా పొగలా లేచింది. వరండాలోంచి ఎలిజబెత్ దగ్గు వినపడింది. కృపానందం సాండర్ ఆపి నా వైపు తిరిగాడు.

"అది గొట్టం కాదండీ. మా ఆవిడ పీక" అన్నాడు.

"అయితే ముందు నీ పీక కొయ్యాలి" అన్నాను. అలాంటప్పుడు నా నోటికి హద్దుండదు, చేతికీ ఉండదు. కత్తి పారేసి గుప్పిట బిగించి ముక్కు మీద గుద్దాను. పుల్ల విరిగిన చప్పుడైంది. రక్తం గడ్డం మీంచి కారి కింద పొట్టులో ఎర్రగా ముద్దకట్టింది. అతను ఊరుకుంటాడా! కొయ్య సుత్తి అందుకుని నా భుజం మీద వేశాడు. ఆ పూటకి ఆ చెయ్యి మళ్లీ లేవలేదు. కాలికి బుద్ధి చెప్పి ఇంట్లో దూరి తలుపు గడియ వేసుకున్నాను.

గొడ్డలి తెచ్చాడు. "తలుపు తియ్యండీ! తల పగలగొడతాను, తియ్యండీ!" అని అరుస్తున్నాడు. అంత కోపంలోనూ అండీ మానలేదు. ఒకటి, రెండు, మూడు వేట్లు. నాలుగోది పడేలోపు ఎలిజబెత్ దగ్గుకుంటూనే బకెట్టు నీళ్లు మోసుకొచ్చి అతని నెత్తిన కుమ్మరించింది. మేము ఎప్పుడు కలబడినా ఆవిడ పద్ధతి అదే. గోడ కొలతల దగ్గర కొట్టుకున్నప్పుడూ బకెట్టే, వానాకాలం మురుగు గురించి కొట్టుకున్నప్పుడూ బకెట్టే. తడిసి ముద్దయి నిలబడ్డ కృపానందం, తను చేసిన తలుపు మీద గాట్లు తడుముకుని ఏడ్చాడు. నేను కిటికీలోంచి చూశాను. ఛీ, ఏం బతుకురా నాది అనిపించింది.

అతను గొట్టానికి సైకిల్ ట్యూబు చుట్టి మిషను మళ్లీ నడిపించాడు. మాటలు మాత్రం లేవు. వానలు పడ్డాక ఒకరోజు ఎలిజబెత్ గోడ దగ్గర నిలబడి, "అన్నయ్యగారూ, ఈయనకి వాసన తెలియట్లేదండీ. ఆ దెబ్బ తగిలిన దగ్గర్నుంచి. నిన్న టేకు ముక్క, వేప ముక్క ముందు పెట్టుకుని గంటసేపు కూర్చున్నారు" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

రాత్రీ పగలూ చంద్రకళ నన్ను తినేసింది. "ఏవండీ, ఆయనకి ఏదైనా మంచి చెయ్యండి, లేకపోతే నేను మీతో మాట్లాడను" అంది. చేసే వీలు దొరికింది కూడా. సన్నపొడికి మిషను లోపలి ఫిల్టరు మాటిమాటికీ మూసుకుపోయి, పీల్చే బలం తగ్గి, దుమ్ము మళ్లీ లేస్తోంది. గొట్టానికీ మిషనుకీ మధ్య గట్టి మూత ఉన్న డబ్బా ఒకటి పెడితే పొడి అందులోనే పడిపోయి మిషనులోకి ఉత్త గాలే వెళుతుందని అతను ఫోనులో చూశాడట. అలాంటి డబ్బాలు మా చెరువు గట్ల మీద కావలసినన్ని. చెరువులో చల్లే బ్లీచింగ్ పొడి వాటిలోనే వస్తుంది. మంచిది ఒకటి ఏరి, కారులో తెచ్చి, గోడ మీంచి అందించాను.

"శుభ్రంగా కడిగించారాండీ?" అన్నాడు. నాలుగు నెలల్లో నాతో మొదటి మాట.

"కడిగించాను, అద్దంలా ఉంది" అన్నాను.

కడిగించలేదు. చెరువుల వాళ్లం బ్లీచింగ్ డబ్బా కడగం. చెరువునే కడిగే సరుకు, దాని డబ్బాకి మళ్లీ కడుగుడేంటి అనుకుంటాం. అడుగున వేలెడు మందాన పెచ్చు కట్టి ఉంది, నేను చూశాను. డబ్బా తెలుపే, పెచ్చూ తెలుపే, కంటికి తేడా తెలియదు. ముక్కుకైతే తెలుస్తుంది. కృపానందం మూత తీసి, తల లోపల పెట్టి చూసి, "బాగుందండీ" అన్నాడు. వాసన లేని ముక్కు. ఆ ముక్కు విరగ్గొట్టింది నేనేనని ఆ క్షణంలో నాకు తట్టలేదు. మంచి చేశానని కులుకుతూ ఇంట్లోకి వచ్చాను.

పదిరోజులు బాగానే నడిచింది. పదకొండో రోజు చర్చి కోసం చేసిన ప్రసంగం బల్లకి నూనె పట్టించి, ఆ నూనె మీదే మళ్లీ సాండర్ వేశాడు. నూనె పొడి, బ్లీచింగ్ పెచ్చు డబ్బాలో కలిశాయి. డబ్బా వేడెక్కింది. మూత సందుల్లోంచి పొగ వస్తుంటే ఇదేంటా అని వంగి మూత తీశాడు.

డబ్బా పేలిన చప్పుడుకి మా ఇంట్లో గిన్నెలు కిందపడ్డాయి. పరుగెత్తి గోడ దూకాను. మూత పైకప్పు రేకులో ఇరుక్కుని ఉంది. కృపానందం నేల మీద పొర్లుతున్నాడు, చొక్కా అంటుకుంది, రెండు చేతులూ మొహం మీద ఉన్నాయి. వేళ్ల సందుల్లోంచి ఏదో కారుతోంది, రక్తమొక్కటే కాదు. గోనెపట్టాలు పీకి అతని మీద చుట్టి పొర్లించాను. షెడ్డంతా గొంతు కోసే బ్లీచింగ్ ఘాటు. ముప్పై ఏళ్లుగా చెరువుల మీద పీలుస్తున్న ఘాటు అది. డబ్బా అప్పటికే తెల్లటి ముద్దలా కరిగిపోయింది.

మర్నాడు వచ్చిన ఎలక్ట్రీషియను మిషను తిప్పి చూసి, "మోటారు స్పార్కు కొట్టుంటుందండీ, దుమ్ముకి అంటుకుంది" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. "అవును, మోటారే" అన్నాను. అది నా రెండో అబద్ధం.

నెలరోజులకి ఎడమ కంటికి కట్టుతో ఇంటికి వచ్చిన కృపానందం ముందుగా చేసిన పని, గొడ్డలి తీసి మిషనుని నరకడం. పొట్ట చీల్చాడు, మోటారు బయటికి లాగి బండ మీద పెట్టి చితక్కొట్టాడు. "స్పేరు కన్నే పోయిందండీ" అని నాతో అన్నాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వు చూడలేక ఇంట్లోకి వచ్చేశాను.

మళ్లీ గోనెపట్టాలు, మళ్లీ దుమ్ము. చలి మొదలయ్యేసరికి ఎలిజబెత్ ఒక మాట అని, ఊపిరి తీసుకుని, ఇంకో మాట అనేది. "ఇంకోసారి గట్టిగా వస్తే మా చేతుల్లో ఉండదు" అని డాక్టరు చంద్రకళ ఎదుటే చెప్పాడు. నేను ఊళ్లో దొరికే వాటిల్లోకల్లా మంచి మిషను కొని తీసుకెళ్లాను. కృపానందం దాన్ని గొట్టం పట్టుకుని రోడ్డు మీద ఈడ్చుకుంటూ వెళ్లి కాలవలో పడేశాడు. తిరిగి వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు.

"నా కన్ను పోతే పోయిందండీ. ఈసారి ఇల్లు అంటుకుంటే? ఆవిడ లోపలుంటుంది. పరుగెత్తే ఊపిరి కూడా లేని మనిషండీ. దుమ్ముతో అయితే ఇంకో రెండేళ్లుంటుందేమో, మంటల్లో ఉండదు కదా!"

మిషను తప్పు కాదయ్యా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. నేను అబద్ధం మింగిన ప్రతిరోజూ అవతల ఆవిడ దుమ్ము మింగుతోందని నాకు తెలుసు. తెలిసీ ఇంకో ఏడు వారాలు మింగాను. పిరికివాణ్ణి అని రాయడానికి సిగ్గుపడితే ఈ రాతే దండగ.

జనవరిలో ఒక ఆదివారం, చర్చి నుంచి రాగానే ఆవిడ వరండాలో కూలబడింది. కృపానందం కేక విని కారు తీశాను. వెనకసీట్లో ఆవిడ తల ఒళ్లో పెట్టుకుని, "ఎలీ, ఇటు చూడు, ఇటు చూడు" అంటూనే ఉన్నాడు. ఏలూరు ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. పెదవుల నీలం మెల్లగా తగ్గింది. గంట తర్వాత వార్డులో, ఆవిడ మంచం పక్కన, నేను చెప్పేశాను.

"కృపానందం, మిషను తప్పు కాదు. నేనిచ్చిన డబ్బా కడిగించలేదు. అడుగున బ్లీచింగ్ ఉంది. నూనె పొడి దానికి తగిలి అంటుకుంది. కడిగానని నీకు అబద్ధం చెప్పాను. మోటారని అందరికీ అబద్ధం చెప్పాను. మంచి డబ్బా పెట్టుకుని మిషను వేసుకో. ఆవిడ బతుకుతుంది."

"బ్లీచింగైతే నాకు వాసన..." అని మొదలుపెట్టి అతను ఆగిపోయాడు. చెయ్యి మెల్లగా వంకర ముక్కు మీదకి వెళ్లింది. ఒంటికన్నుతో నన్ను చూశాడు, చెక్క వంకర చూసినట్టు.

మొదటి గుద్దుకే రెండు పళ్లు ఊడాయి. రెండోదానికి దవడ పటుక్కుమంది. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. గోడకి ఆనించి కొట్టాడు, కింద పడ్డాక కాలితో తన్నాడు. చర్చికి వేసుకొచ్చిన తెల్లచొక్కా మీద నా రక్తం చింది పడింది. వార్డు వాళ్లు పరుగెత్తుకొచ్చారు. నేను నేల మీంచి ఎలిజబెత్ వైపు చూశాను. మాస్కు పైన ఆవిడ కళ్లు తెరిచే ఉన్నాయి, అంతా వింది, అంతా చూస్తోంది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆవిడ ఆపమనలేదు. చెయ్యి కూడా ఎత్తలేదు.

ఇద్దరు పట్టుకుంటే కృపానందం రొప్పుతూ నిలబడ్డాడు. "ఇంకా కొట్టాలనుందండీ" అన్నాడు. "చేతులు నొప్పెడుతున్నాయి."

ఎవరు కొట్టారో రాయమని ఆస్పత్రివాళ్లు కాగితం ఇస్తే, మెట్ల మీద జారిపడ్డానని రాశాను. అది నా మూడో అబద్ధం. దానికి మాత్రం సిగ్గుపడను.

దవడకి తీగలు కట్టారు. నెలన్నరపాటు స్ట్రాతో గంజి తాగాను. కృపానందం నాతో మాట్లాడడు, ఎదురుపడితే రోడ్డు దాటి అటు వెళతాడు. ఎలిజబెత్ చంద్రకళతో మాట్లాడుతుంది, నన్ను అన్నయ్యగారని పిలవడం మానేసింది. తలుపు గాట్లు పూడ్పించమని మా ఆవిడ అడుగుతుంది. ఇంకో వడ్రంగి చెయ్యి దాని మీద పడనివ్వను.

దవడ కట్టిన మూడో వారంలో ఒక మధ్యాహ్నం, రెండింటికి, గోడ అవతల కొత్త మిషను అరుపు మొదలైంది. చెవిలో మేకు దిగినట్టే ఉంది. చంద్రకళ గబగబా వచ్చి, "ఏవండీ, కిటికీలు మూసేస్తానుండండి" అంది. నోరు కదలదు కదా, లేచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

గంట నడిచి ఆగింది. నేను గోడకి చెవి ఆనించి నిలబడ్డాను. దగ్గు వినపడలేదు. తర్వాత వరండాలోంచి ఎలిజబెత్ గొంతు.

"ఏవండీ, కాఫీ చల్లారిపోతోంది, చేతులు కడుక్కుని తొందరగా రండి."

మధ్యలో ఎక్కడా ఊపిరి కోసం ఆగలేదు.